రాతినేల ద్రాక్ష

ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో, పాత పేటల సందుల్లో, పూటకూళ్లు కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి. గళ్ల గుడ్డలు పరిచిన ఇరుకు బల్లలు, పక్కవాళ్ల మోచెయ్యి మన మోచేతికి తగిలేంత దగ్గరగా కుర్చీలు. అక్కడ వైన్ ఒక సాదా గాజు సీసాలో వస్తుంది. సీసాకు పేరుచీటీ ఉండదు. అడుగు మాత్రం బాగా మందం, చెయ్యి తగిలినా ఒరగకుండా. పట్టేది 46 సెంటీలీటర్లు. ఇద్దరు కబుర్లు చెప్పుకుంటూ భోంచేయడానికి చాలిన కొలత.

అందులో ఉండేది చాలాసార్లు బొజోలే అనే ఎర్ర వైన్. తెచ్చిపెట్టినవాళ్లు దాని గురించి ఏమీ చెప్పరు. తాగేవాళ్లు కూడా గ్లాసును దీపానికి అడ్డం పెట్టి చూడరు, కళ్లు మూసుకుని వాసన పీల్చరు. రొట్టెతో పాటు వస్తుంది, కూరతో పాటు అయిపోతుంది. మాటల మధ్య దాని ఊసే రాదు. ఒక వస్తువు ఇంత నెమ్మదిగా మనుషుల మధ్య మసలుతుంటే ముచ్చటేస్తుంది.

ఫ్రెంచి వైన్ అనగానే లోకానికి గుర్తొచ్చేవి వేరు. వేలంపాటల్లో లక్షలు పలికే బొర్దో సీసాలు, తాళం వేసి దాచుకునే బర్గండీ సీసాలు. బొజోలేకి ఆ దర్జా లేదు. పెద్ద విందుల్లో దాన్ని ముందు వరసలో పెట్టరు. అయినా నాకు దాని కథే ఎక్కువ ఇష్టం.

మన ఇళ్లలో భోజనాల బల్ల మీద వైన్ పెట్టుకునే అలవాటు లేదు. ఈ మాటలు చదివేవారిలో దాని రుచి ఎరగనివారే ఎక్కువ ఉంటారు. ఫరవాలేదు. ఒక పంట గురించి, అది పండే నేల గురించి, దాన్ని నమ్ముకున్న మనుషుల గురించి ఎవరు చెప్పినా మనకు వినబుద్ధేస్తుంది కదా.

లియోన్‌కు ఉత్తరాన, సోన్ నదికి పడమటి వైపున, సుమారు 55 కిలోమీటర్ల పొడవునా ఆ కొండలు సాగుతాయి. దక్షిణాన సున్నపురాయి నేలలు; ఊళ్లలో ఇళ్లన్నీ బంగారు రంగు రాళ్లతో కట్టినవి, సాయంకాలపు ఎండకు వెలిగిపోతుంటాయి. ఉత్తరానికి వెళ్లేకొద్దీ నేల గరుకు తేలుతుంది. గులాబి ఛాయ ఉన్న గ్రానైట్ రాయి ఏళ్ల తరబడి వానకీ చలికీ నలిగి, ఇసుకలా రాలిపోయి ఉంటుంది. గింజ పంటలకు పనికొచ్చే నేల కాదది.

మేడ్చల్ వైపు పందిళ్ల మీద పాకిన ద్రాక్షతీగలను చూసిన కళ్లకు అక్కడి తోటలు వింతగా ఉంటాయి. పందిరి లేదు, చాలాచోట్ల తీగను ఆన్చే కర్ర కూడా లేదు. మోకాలెత్తున పొట్టి మొద్దు, దాని మీదినుంచి గిన్నె ఆకారంలో పైకి లేచిన నాలుగైదు కొమ్మలు, అంతే. కోత రోజుల్లో మనిషి నడుము పూర్తిగా వంచితే తప్ప గుత్తి చేతికి అందదు. కొడవళ్లలాంటి చిన్న కత్తులతో గుత్తిని గుత్తిగానే కోసి బుట్టలో వేస్తారు. పండు చిట్లకూడదు. ఎందుకో తర్వాత చెప్పుకుందాం.

అక్కడ పండే నల్లద్రాక్ష పేరు గామే. పైతోలు నలుపు, లోపలి రసం తెలుపు.

దీని పుట్టిల్లు బొజోలే కాదు, ఇంకా ఉత్తరాన ఉన్న బర్గండీ. పద్నాలుగో శతాబ్దంలో అక్కడి రైతులు దీన్ని ఇష్టంగా వేసుకున్నారు. కారణం తెలుసుకుంటే మనసు బరువెక్కుతుంది. మహమ్మారి ప్లేగు వచ్చి ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయిన కాలం అది. పొలాల్లో పనికి చేతులు లేవు. పేరున్న పీనో న్వార్ ద్రాక్షకు ఓపికా కావాలి, మనుషులూ కావాలి. గామే అలా కాదు. ముందే పండుతుంది, విరగకాస్తుంది, పెద్దగా సతాయించదు. మిగిలిన కొద్దిమందికి అది ఆసరా అయింది.

బర్గండీ డ్యూక్ ఫిలిప్‌కు అది నచ్చలేదు. తన నేల వైన్‌కు ఉన్న పేరు చెడుతుందని ఆయన భయం. 1395లో శాసనం పుట్టించాడు: గామే చెడ్డ మొక్క, నమ్మదగనిది, దాని రసం చేదు, మనుషుల ఒంటికి మంచిది కాదు, పీకేయండి అని. ఆయన మనవడు కూడా ఆ మొక్కను నిషేధిస్తూ మళ్లీ ఆజ్ఞ ఇవ్వాల్సి వచ్చింది. అంటే తాతగారి మాటను రైతులు పూర్తిగా చెవిన పెట్టలేదన్న మాటే.

1999లో శాస్త్రజ్ఞులు డీఎన్‌ఏ పరీక్షలు చేసి ఈ మొక్క వంశం తేల్చారు. ఒకవైపు సాక్షాత్తు ఆ డ్యూక్ నెత్తిన పెట్టుకున్న పీనో. రెండోవైపు గ్వే బ్లాన్ అని, పెద్దలు ఈసడించుకునే పల్లెటూరి తెల్లద్రాక్ష. ఆ రెండింటికే పుట్టిన మరో బిడ్డ షార్డొనే. ఈ రోజు ప్రపంచంలో అందరూ కోరుకునే తెల్లవైన్ దాన్నుంచే వస్తోంది. గామే, షార్డొనే తోబుట్టువులు. ఒకదాన్ని ఇంట్లో ఉంచుకున్నారు, ఒకదాన్ని వెళ్లగొట్టారు.

వెళ్లగొట్టిన బిడ్డ దక్షిణానికి జరిగి, కాలక్రమాన, ఆ డ్యూక్ ఏలుబడి లేని బొజోలే కొండల్లో కుదురుకుంది. సారవంతమైన నేలలో గామే అతిగా కాసి, రసం పలచబడుతుంది. డ్యూక్ అన్నదాంట్లో ఆ మేరకు నిజం లేకపోలేదు. గ్రానైట్ మీద అలా కుదరదు. అక్కడ వేరు రాతి సందుల్లో నీళ్లు వెతుక్కోవాలి, ఆకు అదుపులో ఉండాలి, కాపు తగ్గాలి. తగ్గిన కాపులో పరిమళం నిలిచింది. స్థానబలం అంటే ఇదే కాబోలు. మొక్క అదే, మారింది కాళ్ల కింది నేల ఒక్కటే.

ఇక పండు చిట్లకూడదని ఎందుకన్నామో చెప్పుకోవాలి. మామూలుగా ఎర్ర వైన్ చేసేటప్పుడు పండ్లను చిదిమి, తోలుతో సహా పులియబెడతారు. తోలులోని వగరు రసంలోకి దిగుతుంది. బొజోలేలో గుత్తులను కాడలతో సహా, చిదమకుండా, తొట్టిలోకి దించుతారు. పైనున్న బరువుకు అడుగు పండ్లు వాటంతటవే నలిగి పులియడం మొదలుపెడతాయి. దాన్నుంచి లేచిన బొగ్గుపులుసు వాయువు తొట్టి నిండా పరుచుకుని గాలిని బయటికి నెట్టేస్తుంది. గాలి ఆడని ఆ చోట పైపండ్లు చిట్లకుండానే, తోలు లోపల్లోపలే, మారిపోవడం మొదలుపెడతాయి. ఒక్కో పండూ తనలో తాను పులుస్తుంది. అలా కొద్దిరోజులు ఉంచి, ఆ తర్వాత పిండుతారు.

అందుకే ఆ వైన్‌లో వగరు తక్కువ, పండు వాసన ఎక్కువ. కోరిందపండు, చెర్రీ, ఒక్కోసారి స్ట్రాబెర్రీ. నాలుక అంచుల్లో నీళ్లూరించే పులుపు ఉంటుంది. రంగు చూస్తే చిక్కటి నెత్తురెరుపు కాదు. అవతల వేళ్లు కనబడే పలచని ఎరుపు. మిగతా ఎర్ర వైన్లలా గది వేడిమిలో కాకుండా, 12 నుంచి 14 డిగ్రీల దాకా చల్లబరిచి పోస్తారు.

ఉత్తరపు కొండల్లో పది చోట్ల పండినదానికి ఆ చోటి పేరే పెట్టుకునే హక్కు ఉంది. మోర్గోన్‌లోది కాస్త గట్టిది, చెర్రీ గింజ కొరికినప్పటి వాసన వస్తుంది. ఫ్లెరీలోది పూలు గుర్తుకు తెస్తుంది. ఊరి గట్టు మీది పాత గాలిమర పేరు పెట్టుకున్న మూలాన్ ఆ వాన్ అన్నింటికన్నా బలమైనది, మంచి ఏడాదిదైతే పదేళ్లు దాచినా చెక్కుచెదరదు. బొజోలేని పసితనపు వైన్‌గానే ఎరిగినవారికి, వయసు మీదపడిన మూలాన్ ఆ వాన్ రుచి చూపిస్తే అది బర్గండీ పీనో అనుకుంటారని అక్కడివారు గర్వంగా చెబుతారు. తోబుట్టువుల పోలిక కాదు, తండ్రి పోలిక అన్నమాట.

ఈ కొండల్లో బతికిన మనుషుల కథల్లో బెన్వా రాక్లే కథ నాకు మరీ ఇష్టం. ఆయనది రొమనేష్ అనే ఊరు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అక్కడి తోటలను ఒక రకం గొంగళిపురుగు పట్టి పీడించింది. ఆకులు తినేసి, చిగుళ్లకు గూళ్లు అల్లి, ఏడాదికేడాది పంటంతా ఊడ్చేసింది. జనం ప్రార్థనలు చేశారు, ఊరేగింపులు తీశారు. తోటలన్నీ మాడిపోతుంటే రాక్లే ఇంటి గోడవార ఒక్క తీగ మాత్రం పచ్చగా కళకళలాడుతూ కనిపించింది. దానికి ప్రత్యేకంగా ఎవరూ ఏమీ చేయడం లేదు. వంటింట్లో గిన్నెలు కడిగిన వేడినీళ్లు పారే తూము దాని మొదట్లో పడుతోంది, అంతే.

ఆయన అక్కడ ఆగి ఆలోచించాడు. చలికాలంలో ఆ పురుగు పిల్లలు మొద్దు బెరడు కింద దాక్కుంటాయి. వేడినీళ్లు తగిలితే చస్తాయి, మొద్దుకు ఏమీ కాదు. తన తోటలో మొద్దు మొద్దుకీ వేడినీళ్లు పోయించాడు. ఇరుగుపొరుగు నవ్వుకున్నారు. తర్వాత తర్వాత వాళ్లే పొలాలకు కాగులు మోసుకెళ్లి, పొయ్యి రాజేసి, నీళ్లు మరిగించి పోయడం నేర్చుకున్నారు. ఆ పద్ధతి ఎన్నో దశాబ్దాలు నిలిచింది. రాక్లే 1844లో పోయారు. ఆయన పేరు మీద రొమనేష్‌లో అక్టోబరు చివర ఇప్పటికీ పండుగ చేస్తారు, కొత్త వైన్ రుచి చూస్తారు. వంటింటి తూము దగ్గర ఒక మనిషి కాసేపు ఆగి చూసినందుకు ఊరంతా కృతజ్ఞతగా ఉండటం, అదీ ఇన్నేళ్లుగా, ఎంత మంచి విషయం!

ఆ తర్వాత బూజు తెగులు వచ్చింది. దాన్నుంచి కాపాడమని బ్రూయీ కొండ కొమ్మున మేరీమాతకు చిన్న గుడి కట్టుకున్నారు. 1857లో కట్టిన ఆ గుడికి సెప్టెంబరులో, కోతల వేళకు, జనం ఇప్పటికీ కొండెక్కి వెళ్తారు.

కొండల్లో పండింది పడవల మీద, బండ్ల మీద లియోన్‌కు దిగేది. తాగింది ఎవరంటే, ఎక్కువగా పట్టు నేతగాళ్లు. లియోన్‌లోని క్రువా రూస్ గుట్ట మీద ఎత్తైన కప్పుల ఇళ్లలో మగ్గాలు రాత్రీ పగలూ ఆడేవి. రాత్రంతా నేసి, తెల్లవారి దిగివచ్చిన మనుషులు పొద్దున్నే కడుపునిండా తినేవారు. పంది మాంసపు ముక్కలు, కార్జాలు, పేగుల వేపుడు, జున్ను, రొట్టె. పక్కన గ్లాసుడు బొజోలే. ఆ ఉదయపు భోజనాన్ని 'మాషోన్' అంటారు. నేతగాళ్లు పోయినా ఆ అలవాటు లియోన్‌లో మిగిలింది.

ఆ గుట్టకూ మన ఊళ్లకూ ఒక చుట్టరికం ఉంది. జోసెఫ్ మరీ జాకార్డ్ లియోన్‌లోనే పుట్టాడు, 1752లో. చిల్లుల అట్టలతో మగ్గానికి డిజైను నేర్పే ఆయన సాధనం 1804 నాటిది. ధర్మవరంలోనో గద్వాలలోనో నేతగాళ్ల ఇంటికి వెళితే మగ్గం నెత్తిన అదే జాకార్డు, కిందికి వేలాడుతూ అవే అట్టలు. చీర అంచున నెమలి నేస్తున్న అన్నకు లియోన్ ఎక్కడుందో తెలియాల్సిన పని లేదు గానీ, ఇద్దరి చేతులకూ ఒకే పని తెలుసు. లియోన్ నేతగాళ్లు కూడా కూలి గిట్టక కష్టపడ్డవాళ్లే. గజానికి న్యాయమైన ధర కట్టండని 1831లో వీధుల్లోకి వచ్చినవాళ్లే.

వాళ్లు తిన్నవాటిలో మాంసం దొరకని రోజున చేసుకునే తేలిక పదార్థం ఒకటుంది. పచ్చి జున్నును బాగా గిలక్కొట్టి, సన్నగా తరిగిన ఆకుకూరలు, చిన్న ఉల్లి, వెల్లుల్లి, కాస్త నూనె, వెనిగర్, ఉప్పు, మిరియాలు కలుపుతారు. రొట్టె మీద రాసుకుని తింటారు. లియోన్ పూటకూళ్లలో ఇప్పటికీ అది లేని రోజు ఉండదు. బొజోలేతో అది బాగా కుదురుతుంది.

కుదరడం అంటే ఏమిటని అడగొచ్చు. వగరు ఎక్కువున్న వైన్ నోట్లో లాలాజలాన్ని పట్టేసి నాలుకను ఎండగడుతుంది. దానికి తోడు బాగా కొవ్వున్న మాంసమో మగ్గిన జున్నో కావాలి. బొజోలేకి ఆ పట్టింపు లేదు. దాని పులుపు నూనెనూ కొవ్వునూ కడిగేసి, మరో ముద్దకు నోటిని సిద్ధం చేస్తుంది. వగరు తక్కువ కాబట్టి చేపతోనూ సర్దుకుంటుంది, గుడ్డుతోనూ సర్దుకుంటుంది. కారం కూరలతో ముదురు ఎర్ర వైన్ తాగితే నోరు ఇంకా మండుతుంది. చల్లబరిచిన బొజోలేతో ఆ బాధ తక్కువ. పారిస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న తెలుగిళ్లలో కోడి పులుసు వండిన రోజున అతిథి చేతిలో సీసాతో వస్తే, అది బొజోలే అయితే మంచిదనుకోవచ్చు.

అన్నిటికన్నా గొప్ప జోడీ మాత్రం దాని ఎదురుగానే ఉంది. సోన్ నదికి పడమట బొజోలే, తూర్పున బ్రెస్ మైదానం. బ్రెస్ కోళ్లు ఫ్రాన్స్ అంతా పేరుపడ్డవి. ఆ మైదానం పల్లెలో పుట్టి, పదేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకుని, ఇళ్లలో వంటపనికి కుదిరి, చివరికి లియోన్‌లో సొంతంగా పూటకూళ్లు పెట్టుకున్నావిడ యూజెనీ బ్రాజియే. 1933లో ఆవిడ నడిపిన రెండు భోజనశాలలకూ, భోజనశాలలకు విలువ కట్టే మిషెలాన్ గైడు వారు మూడేసి నక్షత్రాలు ఇచ్చారు. అంతకుముందు ఆ ఘనత ఏ ఆడమనిషికీ దక్కలేదు. కోడి తోలు కింద ట్రఫుల్ అనే పుట్టగొడుగు ముక్కలు దోపి, నీళ్లలో మెల్లగా ఉడికించడం ఆవిడ చేతివంట. నదికి ఆ ఒడ్డు కోడి, ఈ ఒడ్డు వైన్. వాటిని కలపడానికి పండితుల సలహా అక్కర్లేకపోయింది.

బొజోలే పేరు దేశదేశాలకూ తెలిసింది మాత్రం మరో దారిన. ఆ ఏడాది కోసిన ద్రాక్షతో చేసిన వైన్‌ను ఆ ఏడాదే, రెండు నెలలైనా గడవకముందే, తాగే ముచ్చట అక్కడ పాతదే. 1951లో దాన్ని నవంబరులోనే అమ్ముకోవచ్చని అనుమతి దొరికింది. 1985 నుంచి నవంబరు మూడో గురువారం ముహూర్తం. ఆ రోజు కొత్త బొజోలే ఒక్కసారిగా ఊరూరా తెరుచుకుంటుంది. వేసంగిలో కలిపిన ఆవకాయను మూడోనాడు తిరగకలిపి, ఇంకా ఊరకముందే, వేడన్నంలో మొదటి ముద్ద తినే సంబరం ఎలాంటిదో మనకు తెలుసు. అది ఆ పూట రుచి. దాని పక్కన ఏడాది ఊరిన ఆవకాయను పెట్టి పోల్చం.

కొత్త బొజోలే కూడా అలా ఆ పూట ముచ్చటగానే ఉండిపోతే బాగుండేది. కొత్త వైన్ సంబరం మోజుగా మారి, విమానాల్లో జపాన్ దాకా వెళ్లి, ఒక దశలో పంటలో దాదాపు సగం దానికే పోయింది. తొందరలో చేసింది పలచబడింది, అన్నిటికీ ఒకే అరటిపండు వాసన. జనానికి విసుగొచ్చింది. 2001 పంటలో అమ్ముడుపోని వైన్‌ను పెద్దమొత్తంలో బట్టీకి పంపి వదిలించుకోవాల్సి వచ్చింది. ఎన్నో చిన్న రైతు కుటుంబాలు తోటలు పీకేశాయి. డ్యూక్ గద్దించినా పోని మొక్క, జనం మోజు తీరాక అలా పోవడం చదివితే కష్టమనిపిస్తుంది.

అదృష్టవశాత్తు అప్పటికే ఒక పెద్దాయన మాట కొందరి చెవిలో ఉంది. జూల్ షోవే అని, అక్కడే పుట్టి పెరిగిన రసాయన శాస్త్రజ్ఞుడు, వైన్ వ్యాపారి. తోటలో మందులు చల్లి మట్టిని చంపకండి, పండు మీద సహజంగా ఉండే ఈస్ట్‌తోనే పులియనివ్వండి, వైన్ చెడకుండా కలిపే గంధకం తగ్గించండి అని ఆయన చెబుతూ వచ్చాడు. 1989లో ఆయన పోయేనాటికి మోర్గోన్‌లో మార్సెల్ లాపియేర్, మరికొందరు కుర్రరైతులు ఆ దారి పట్టారు. తాతల నాటి ముదురు మొద్దులను పీకకుండా కాపాడుకున్నారు. వాళ్లు చేసింది తాగినవారికి, గామేలో ఇంత ఉందా అనిపించింది. ఈ రోజు రసాయనాలు లేని వైన్ గురించి ఎక్కడ మాట్లాడుకున్నా ఆ ఊరి పేరు వస్తుంది.

తేలిగ్గా నచ్చేదాన్ని మనం తేలిగ్గా తీసేస్తుంటాం. పాటైనా అంతే, వంటైనా అంతే, ఒక్కోసారి మనుషుల విషయంలోనూ అంతే. కష్టపడి మెచ్చుకోవాల్సిన వాటికే విలువ కడతాం. అర్థం కావడానికి ఏళ్లు పట్టే వైన్ గొప్పదే కావచ్చు. మొదటి గుక్కలోనే దగ్గరై, మన ముద్దకూ మన మాటకూ అడ్డురాకుండా పక్కన ఉండేది మాత్రం తక్కువదెలా అవుతుంది? నన్నడిగితే, భోజనం బల్ల మీద ఆ గుణాన్ని మించింది లేదు.

లియోన్ వైపు వెళ్లే పని పడితే, బిడ్డల చదువుకో ఉద్యోగానికో, ఒక రోజు ఈ కొండల కోసం ఉంచుకోండి. పుచ్చుకునే అలవాటు ఉంటే ఒక గ్లాసు మోర్గోన్ అడగండి, ఖాళీ కడుపున కాదు, తిండితో. లేకపోతే ఆ ఆకుకూరల జున్నూ రొట్టే తిని, బ్రూయీ కొండ మీది గుడిదాకా నడిచి రండి. లియోన్ నుంచి ఆ కొండ దగ్గరి ఊరు బెల్‌విల్‌కు రైలుంది; గంటలోపే చేరుస్తుంది.